గాండ్రయ్యగారి భుజం మీద చిలక

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే దాని ఎల్లలు ఎక్కడున్నాయో అడవి పంచాయతీవాళ్లకే సరిగ్గా తెలియనంత పెద్ద అడవిలో, ప్రతి బుధవారం సంత జరిగేది.

సంత రోజున వేట నిషేధం. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఎవరి కోరలు వాళ్ల నోట్లోనే ఉండాలి. పులి, జింక, తోడేలు, కుందేలు అన్నీ ఒకే దారిన భుజాలు రాసుకుంటూ నడిచేవి. మిగతా ఆరు రోజులూ ఎవరి తిప్పలు వాళ్లవి.

ఆ పంచాయతీకి అధ్యక్షుడు గాండ్రయ్య అనే పులి. వయసు మళ్లినా ఒక్క సంత కూడా తప్పేవాడు కాదు. "తనిఖీకి వెళ్తున్నా" అని పైకి చెప్పేవాడు గానీ, అసలు ఆయనకి సంతలో తిరగడమంటే మహా సరదా. ఆయన గుహలో చూడాలి! నెమలి ఈకల విసనకర్రలు నాలుగు, బీటలువారిన సొరబుర్ర ఒకటి, దేనికి పనికొస్తుందో అమ్మినవాడికే తెలియని ఇత్తడి గొట్టం ఒకటి. అన్నిటికంటే ఎక్కువ ఉన్నవి కుంకుడుకాయలు. సగం గుహ కుంకుడుకాయలే. ఆయన తలంటుకునేదేమో ఏడాదికొకసారి!

ఆ కాయలు అమ్మేది చుక్కమ్మ అనే జింక. అదండీ సంగతి. గాండ్రయ్య ఆమె కొట్టు ముందు నిలబడ్డాడంటే ఒక పట్టాన కదిలేవాడు కాదు. పంజాతో కాయలు కెలుకుతూ, కళ్లు మాత్రం ఆమె మీదే ఉంచేవాడు.

"అన్నయ్యగారూ, పోయినవారం పట్టుకెళ్లినవి అప్పుడే అయిపోయాయా?" అని అడిగేది చుక్కమ్మ. ఆమెకి తెలియదనుకున్నారా? అంతా తెలుసు. వరస కలిపితే కాస్త భరోసాగా ఉంటుందని అన్నయ్యగారూ అనేది, అంతే.

"తినకూడదన్నారు గానీ చూడకూడదని ఎవరూ అనలేదుగా" అని గాండ్రయ్య తనకి తానే సర్దిచెప్పుకునేవాడు.

ఆ చూపుల్లో కక్కుర్తి ఒక్కటే కాదు, కాస్త దిగులు కూడా ఉంది. మోకాళ్లు పట్టేశాయి. ఒకప్పటి పరుగు లేదు. ఆయనకి మిగిలింది ఒకే ఒక్క విద్య: చప్పుడు చెయ్యకుండా గడ్డిలో పాక్కుంటూ పోయి, పక్కకెళ్లేదాకా ఉనికి తెలియనివ్వకపోవడం. ఆ విద్యతోనే వారానికి ఒక పూటో రెండు పూటలో కడుపు నిండేది. అది కూడా పోతే పస్తే గతి.

ఇలా ఉండగా తోకేశ్వరరావు అనే కొండముచ్చు పట్నం నుంచి తిరిగొచ్చాడు. అక్కడ ఆరు నెలలు సెల్‌ఫోన్ల దుకాణం రేకుల మీద కాపురం పెట్టాడట. వచ్చినప్పట్నుంచీ "మా పట్నంలో అయితేనా" అనకుండా నోరు తెరవడు.

పంచాయతీ సభలో లేచి, తోక భుజం మీద వేసుకుని అందుకున్నాడు. "అధ్యక్షా! మా పట్నంలో అయితేనా, ఏం కావాలని ఎవరూ వెతుక్కోరు. చేతిలో ఒక పలక ఉంటుంది. నువ్వు దేన్ని ఎంతసేపు చూశావో అది కనిపెట్టి, నీకేం కావాలో నీకే చెబుతుంది. మనవాళ్లు చూడండి, ఉప్పు కోసం వెళ్లి పొద్దస్తమానం తిరిగి, ఉప్పు మర్చిపోయి ఇంటికొస్తారు. ఎంత వెనకబాటుతనం!"

"మరి పలకలు ఎక్కణ్ణుంచి తెస్తావయ్యా?" అన్నాడు గాండ్రయ్య.

"పలకలెందుకు, చిలకలున్నాయిగా! నేను తర్ఫీదు ఇస్తాను. తలకొక చిలక. అది భుజం మీదే ఉంటుంది. మన కళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూస్తుంది. అలాంటివి దగ్గర్లో ఎక్కడున్నా అరిచి చెబుతుంది."

మూల కూర్చున్న భల్లమ్మ అనే ఎలుగుబంటి ఒళ్లు విరుచుకుంది. "ఏం కావాలో తెలియకే కదా నాయనా సంతకి పోయేది! తెలిస్తే ఇంట్లోనే ఉందును. తిరగ్గా తిరగ్గా ఏదో ఒకటి కంటపడుతుంది చూడూ, సరదా అంతా దాన్లోనే ఉంది."

"కాలంతోపాటు మారాలక్కా" అన్నాడు గాండ్రయ్య, తనేదో ముందే మారిపోయినట్టు. పక్క అడవి సింహంగారు ఈమధ్య కోతుల చేత తన గర్జనని నాలుగు కొండల మీద ఒకేసారి అరిపిస్తున్నాడని విన్నప్పట్నుంచీ ఆయనకి నిద్రపట్టడం లేదు. ఏదో ఒక కొత్తది తనూ పెట్టాలి.

కార్యదర్శి ముంగిస తీర్మానం రాస్తుంటే గాండ్రయ్య గొంతు సవరించుకున్నాడు. "రాయవయ్యా. చిన్నాపెద్దా తేడా లేకుండా అందరికీ చిలక ఉండాలి. అధ్యక్షుడితో సహా! నిండు సభ ఒప్పుకుంటే తప్ప ఎవరి చిలకనీ ఎవరూ తీయించుకోవడానికి వీల్లేదు."

సభంతా చప్పట్లు. ఆ చప్పట్ల కోసమే ఆ మాటన్నాడు మరి. ఆ ఊపులోనే తీర్మానం కింద పంజా ముద్ర కూడా గుద్దేశాడు.

పథకం మొదలైంది. ఇక చూడండి తమాషా.

భల్లమ్మ ఇప్పపువ్వు చెరుక్కోవడానికి ఒక చేట కొనుక్కుంది. ఆ మర్నాటి నుంచి ఆమె చిలక, "మీకోసమే! చేటలు! వెదురు చేటలు! ఈత చేటలు! పిల్ల చేటలు!" అని ఒకటే రొద.

"ఒసేయ్, కొన్నానే! చేట ఉందే నా దగ్గర!" అని ఆమె మొత్తుకునేది.

"చేట కొన్నవారికి చేటలంటే ఇష్టం" అనేది చిలక.

ఏనుగు తాత కథ ఇంకా ఘోరం. ఆయన ఒకరోజు కప్పల కచేరీలో కూర్చుని కునుకు తీశాడు. నాలుగు గంటలపాటు కదల్లేదు కాబట్టి ఆయనకి ఆ సంగీతమంటే ప్రాణమని చిలక తేల్చేసింది. తాత ఏ మడుగు దగ్గరకి వెళ్లినా అక్కడి కప్పలన్నిటినీ లేపి మరీ పాడించేది.

గాండ్రయ్యకి ఇవన్నీ విని పొట్ట చెక్కలయ్యేది. తన చిలక సంతలో ఎప్పుడూ "కుంకుడుకాయలు" అని అరవలేదు. బుద్ధిమంతురాలు, పెద్దవాళ్ల దగ్గర మసలుకోవడం తెలిసింది అనుకున్నాడు.

అది కాయల్ని కాదు, ఆయన కళ్లని చూస్తోందని పాపం ఆయనకి తోచలేదు.

గురువారం పొద్దున్నే వేటకి బయల్దేరాడు. వాగు పక్కన రెల్లుగడ్డిలో జింకల మంద మేస్తోంది. గాండ్రయ్య పొట్ట నేలకి ఆనించి, ఊపిరి బిగబట్టి, అంగుళం అంగుళం జరిగాడు. ఇంకో పది అడుగులు. నోట్లో నీళ్లు ఊరుతున్నాయి.

"మీకోసమే! గాండ్రయ్యగారికి బాగా నచ్చినవి! జింకలు!" అని భుజం మీంచి చిలక కేక పెట్టింది. "మీ ఎదురుగా పదడుగుల దూరంలో ఏడు జింకలు ఉన్నాయి! నిన్న మీరు నలభైసార్లు చూసిన చుక్కమ్మగారు కూడా ఇక్కడే ఉన్నారు!"

రెల్లుగడ్డి ఒక్కసారి ఊగింది. అంతే, అక్కడ ఒక్క జింక లేదు.

"నీ నోరు పడిపోనూ!" అని గాండ్రయ్య పంజా విసిరాడు. చిలక ఎగిరి కొమ్మ మీద వాలి, "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అంది.

శుక్రవారం అదే కథ. శనివారం ముళ్లపొదల్లోంచి దూరి వెళ్లాడు, చిలక రాలేదనుకున్నాడు. పైనుంచి వస్తూనే ఉంది. పోనీ వేరే దేనివైపో చూసి దీన్ని ఏమారుద్దామని ఆదివారమంతా ఉడతల్ని చూస్తూ కూర్చున్నాడు. సోమవారం నుంచి ఉడతలు కూడా పారిపోవడం మొదలెట్టాయి.

అటు చుక్కమ్మ చిలకకీ పని పెరిగింది. "మిమ్మల్ని ఎక్కువసార్లు చూసినవారు, గాండ్రయ్యగారు! ఇప్పుడు మర్రివాగు దాటుతున్నారు!" అని ఎప్పటికప్పుడు కబురు చెప్పేది. మంద తాపీగా అవతలి గట్టుకి మారేది.

పది రోజులు గడిచాయి. గాండ్రయ్య చారలు వదులుగా వేలాడుతున్నాయి. ఆకలి మీద రెండు తొండల్ని మింగాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని ముంగిస దగ్గర ఒట్టేయించుకున్నాడు. చివరికి సిగ్గు విడిచి తోకేశ్వరరావు చెట్టు కిందకి వెళ్లాడు.

"ఒరేయ్ అబ్బాయ్, నా చిలకని ఒక్కదాన్ని గుట్టుగా పిలిపించెయ్యరా."

"అమ్మో! తమరి ముద్రే ఉంది కదా అధ్యక్షా. నిండు సభ ఒప్పుకోవాలి" అన్నాడు కొండముచ్చు. "పోనీ, ఒక చిట్కా చెబుతాను. మీకు ఇష్టంలేని వస్తువునే తదేకంగా చూస్తూ ఉండండి. చిలక మనసు మారుతుంది."

గాండ్రయ్య గుహకెళ్లి రెండు రోజులపాటు కుంకుడుకాయల గుట్టవైపు రెప్పవాల్చకుండా చూశాడు. కళ్లు మండి నీళ్లు కారాయి. మూడో రోజు చిలక రెక్కలు టపటపలాడించింది. ఆయన ఆశగా తలెత్తాడు.

"కుంకుడుకాయల్ని చూసేవారు సాధారణంగా జింకల కోసమే చూస్తారు" అంది చిలక.

ఇక లాభం లేదు. బుధవారం సంత ముగియగానే గాండ్రయ్య నిండు సభ పిలిపించాడు. ఆయన ధీమా ఆయనది. అడవిలో చిలకల్ని తిట్టుకోనివాళ్లంటూ లేరు. తను నోరు తెరవక్కర్లేకుండా వాళ్లే రద్దు చేసేస్తారు. రేపు పొద్దున్నే మళ్లీ రెల్లుగడ్డి, మళ్లీ కడుపునిండా భోజనం.

అనుకున్నట్టే భల్లమ్మ ముందు లేచింది. "ఈ పాడు చిలకల్ని తీసెయ్యండర్రా! సంతలో ఏ వీధి తిరిగినా నాకు చేటలే చూపిస్తోంది. ఒక గవ్వల దండ చూసి ఎన్నాళ్లయిందో!"

"నాకు నిద్ర లేదు. కప్పలకీ లేదు" అన్నాడు ఏనుగు తాత.

సభలో సగంమంది "రద్దు! రద్దు!" అని చేతులెత్తారు. గాండ్రయ్య మొహం వెలిగిపోయింది. "ప్రజల మాటే నా మాట. నా పథకమే అయినా నాకు పట్టింపు లేదు. కార్యదర్శీ, రాయవయ్యా" అన్నాడు పెద్ద మనసుతో.

అప్పుడు చుక్కమ్మ నెమ్మదిగా ముందుకొచ్చింది.

"ఒక్క మాటండీ. ఈ పథకం వచ్చాక మా మందలో ఒక్కరు తగ్గలేదు. పోయిన నెల ఈపాటికి నా చెల్లెలు పోయింది. అంతకు ముందు మా పెదనాన్న. ఇప్పుడు మా పిల్లలు వాగు దగ్గర భయం లేకుండా నీళ్లు తాగుతున్నారు. ఇది తీసేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అన్నయ్యగారికి ఇది ఎందుకు వద్దో కాస్త ఆయన నోటితోనే చెప్పమనండి."

అన్ని తలలూ గాండ్రయ్యవైపు తిరిగాయి. ఆయన ఏమని చెబుతాడు? మీ పిల్లల్ని తినడానికి అడ్డంగా ఉందమ్మా అంటాడా?

భల్లమ్మ చుక్కమ్మని చూసింది. గాండ్రయ్య వేలాడుతున్న పొట్టని చూసింది. ఆమెకి విషయం బోధపడింది. గట్టిగా నిట్టూర్చి కింద కూర్చుంది.

"నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చేటలేగా, అలవాటైపోతాయిలే."

"కప్పలు కూడా మరీ అంత అపశ్రుతిలో ఏం పాడట్లేదు" అన్నాడు ఏనుగు తాత, కళ్లు నులుముకుంటూ.

రద్దు అన్నవాళ్లంతా ఒక్కొక్కరే చేతులు దించేశారు. తోకేశ్వరరావు మాత్రం సందు దొరికిందని గంతేశాడు. "అధ్యక్షా! జింకల కోసం ఇంత గొప్ప ఆలోచన చేసిన తమరికి ఈ సభలోనే సన్మానం జరగాలి!"

చప్పట్లు మార్మోగాయి. క్షణాల్లో మోదుగాకుల శాలువా తయారైంది. 'జింకల పెన్నిధి' అని బిరుదు కూడా ఖాయం చేశారు. ముంగిస నోట్లో తొండల మాట మెదిలింది గానీ, గాండ్రయ్య చూసిన చూపుకి మింగేశాడు.

శాలువా కప్పడానికి చుక్కమ్మనే పిలిచారు. ఆమె దగ్గరికొచ్చింది. ఇంత దగ్గరగా ఆయన ఆమెని ఏనాడూ చూడలేదు. మెడ మీద తెల్లచుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. వెచ్చటి ఊపిరి మీసాలకి తగులుతోంది. పొద్దు ఇంకా గూకలేదు, సంత కట్టుబాటు ఇంకా నడుస్తోంది. గాండ్రయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నోట్లో అంతకంటే ఎక్కువే తిరిగాయి.

"చూశారా, ఎంత కదిలిపోయారో!" అని తోకేశ్వరరావు సభకి చూపించాడు.

"అన్నయ్యగారూ, రెండు మాటలు మాట్లాడండి" అంది చుక్కమ్మ, అడుగు వెనక్కి వేస్తూ.

గాండ్రయ్య శాలువా సర్దుకున్నాడు. "ఇదంతా మొదట్నుంచీ నా ఆలోచనే" అన్నాడు, వినపడీ వినపడనట్టు.

"మీకోసమే!" అని భుజం మీద చిలక గొంతు చించుకుంది. "గాండ్రయ్యగారికి బాగా నచ్చినది! మీ ఎదురుగా ఒక్క అడుగు దూరంలో!"

సభంతా లేచి నిలబడి మరోసారి చప్పట్లు కొట్టింది.

నీతి: అధ్యక్షులవారి భుజం మీద కూడా ఒక చిలక కూర్చునేటట్టయితే, ఎంత పనికిమాలిన పథకమైనా జనానికి మేలే చేస్తుంది.