అస్తమయానికి ఉత్తరువు

సామ్రాజ్య రాజధానిలో నగరాధిపతి నగారా మోగిస్తే తప్ప సూర్యుడు అస్తమించేవాడు కాదు. పొద్దు పొడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, దిగడానికే కావాలి. సాయంత్రమయ్యేసరికి సూర్యుడు పడమటి కొండ మీద బారెడు ఎత్తుకి వచ్చి ఆగేవాడు. నగరాధిపతి మాచయ నాయకుడు బురుజెక్కి నగారా మీద మూడు దెబ్బలు వేసి, తాంబూలం నములుతూ దిగి వచ్చేవాడు. అప్పుడు చీకటి పడేది. కోట తలుపులు మూసేవారు, కూలీలకు కూలి ఇచ్చేవారు, ఉరిశిక్షలు అమలు చేసేవారు. ఈ మూడింటికీ చట్టంలో గడువు పొద్దు గుంకడమే.

చిన్న చిన్న సర్దుబాట్లు ఉండేవి. లగ్నం దాటిపోతోందని పెళ్లివారు పరిగెత్తుకొస్తే నాయకుడు ఓ ఘడియ ఆగేవాడు. ఉపవాసమున్న పెద్దలు కబురు పెడితే కాస్త ముందే దించేవాడు. ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ఆ బుధవారం మాత్రం తన తలనొప్పి కోసం ముందే దించాడు.

కోటగోడ పనిలో రాళ్లు మోసే సంకమ్మ అప్పుడు ఆఖరి రాయి కోసం ఊరి బయట గుట్ట దగ్గరుంది. తలుపు దగ్గరికి వచ్చేసరికి చీకటి. లోపల కూలీల పందిట్లో ఉయ్యాలలో పాలు తాగే పిల్ల ఏడుస్తోంది, బయట తల్లి ఏడుస్తూ తలుపు బాదుతోంది. కాపలా ఉన్నవాడు బొల్లయ, నాయకుడి సొంత తమ్ముడు. రెండు ఏడుపుల మధ్యా నిలబడి కాసేపు విన్నాడు, తర్వాత గడియ తీశాడు.

పొద్దు గుంకాక కోట తలుపు తీసినవాడికి మర్నాటి పొద్దు గుంకే వేళకు ఉరి. తీర్పు చెప్పాల్సింది నగరాధిపతే.

"తలుపు తీశావా?" అని అడిగాడు నాయకుడు.

"తీశాను."

"పొద్దు గుంకాకేనా?"

"నువ్వు గుంకించాక" అన్నాడు బొల్లయ.

నాయకుడు తీర్పు చెప్పేశాడు. చట్టం స్పష్టంగా ఉంది, సాక్షులు కూడా ఉన్నారు. తమ్ముడని ఊరుకుంటే పదవి పోతుంది, పదవితో పాటు తలా పోతుంది.

గురువారం సాయంత్రం సూర్యుడు మామూలుగానే కొండ మీదికి వచ్చి నిలబడ్డాడు. బొల్లయని ఉరికంబం అరుగెక్కించారు. తలారి ముడి సరిచూసుకున్నాడు. నాయకుడు మాత్రం కచేరీలోంచి కదల్లేదు.

"నగారా వేళైంది దొరా" అన్నాడు పెద్ద కరణం విద్దన.

"ఒంట్లో బాగాలేదు."

"చిత్తం. అయితే తమరికి నయమయ్యేదాకా ఇది గురువారమే" అని విద్దన కలం సిరాలో ముంచి, మళ్లీ పనిలో పడ్డాడు.

గురువారం సాగింది. ఊరు దానికి తగ్గట్టు సర్దుకుంది. రేపు ఇస్తామన్నవాళ్లెవరూ మాట తప్పలేదు. రేపటికి వాయిదా పడ్డ వ్యాజ్యాలన్నీ క్షేమంగా ఉన్నాయి. రాత్రి తప్ప బతుకుతెరువు లేని దొంగలు కొన్నాళ్లు చూసి, గోడ పనికి కుదిరారు. అరుగు మీద బొల్లయా తలారీ గళ్లు గీసుకుని పులిమేక ఆడుతున్నారు. ఇద్దరికీ గడ్డాలు పెరిగాయి.

గోడ మాత్రం మునుపెన్నడూ లేనంత జోరుగా లేస్తోంది. కూలి పొద్దు గుంకాకే కాబట్టి ఎవరూ పని వదిలి పోలేదు. నీడలో ఒరిగినవాళ్లని గోడపనుల అధికారి ప్రోలన కర్రతో పొడిచేవాడు. "పట్టపగలు నిద్రేంటి? దరిద్రం పట్టుకుంటుంది."

చివరికి సంకమ్మ కచేరీకి వచ్చింది. చంకలోంచి పిల్లని దించితే, అది నడుచుకుంటూ వెళ్లి కరణం కలాల పెట్టె పట్టుకుంది.

"దొరా, సాయంత్రం కావాలి" అంది.

"నీకోసం తలుపు తీసినవాడి ప్రాణమది. తెలిసే అడుగుతున్నావా?"

"తెలుసు దొరా. ఆ బాబు పేరు చెప్పి రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని, రోజే మారట్లేదు" అని సంకమ్మ కళ్లు తుడుచుకుంది. "మా పక్కన మోసే ముసలామె రాయి దించి కూర్చుంది, మళ్లీ లేవలేదు. ఆమె కూలి అడిగితే, పూర్తి రోజు పని చెయ్యలేదన్నారు."

ఆమె వెళ్లాక నాయకుడు ఉరికంబం దగ్గరికి నడిచాడు. బొల్లయ మేకని జరుపుతూ తలెత్తాడు.

"వచ్చావా అన్నా? ఇతను అన్యాయంగా ఆడుతున్నాడు, కాస్త తీర్పు చెప్పు."

"ఎలా ఉన్నావురా?"

"బతికే ఉన్నానుగా, నీ పుణ్యమా అని" అని బొల్లయ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "నేను తలుపు తీసింది ఆమె ఇంటికి పోవాలని. నువ్వు ఊళ్లో ఎవర్నీ ఇంటికి పోనివ్వట్లేదు. మోగించెయ్ అన్నా. నాకూ నిద్రొస్తోంది."

తలారి మొహం పక్కకి తిప్పుకున్నాడు. నాయకుడు తమ్ముడి తల మీద చెయ్యి వేసి, చెయ్యి తీసి తిన్నగా బురుజు వైపు నడిచాడు. మెట్లెక్కాడు. నగారా మీద దుమ్ము పేరుకుని ఉంది. కొట్టడానికి కర్ర ఎత్తాడు.

"ఆగండి నాయకా!" ప్రోలన రొప్పుతూ పైకొచ్చాడు, చేతిలో రాజముద్ర ఉన్న తాటాకుతో. "చక్రవర్తి గోడ చూసి ఎంతో సంతోషించారు. ఇంత గోడ ఒక్క రోజులో ఏ రాజూ కట్టలేదన్నారు. గోడ పూర్తయ్యేదాకా అస్తమయం మా శాఖ కిందికి వస్తుంది."

"గోడ ఎప్పుడు పూర్తవుతుంది?"

"ఇవాళే" అన్నాడు ప్రోలన.

నాయకుడి చేతిలో కర్ర ఇంకా గాల్లోనే ఉంది. మూడు దెబ్బలకి మూడు క్షణాలు చాలు. ప్రోలన కూడా ఆ సంగతి గ్రహించి అడుగు వెనక్కి వేశాడు.

"మరి నా పదవి?" అని అడిగాడు నాయకుడు.

"పదవికేం? ఉంటుంది. బురుజెక్కే శ్రమ తప్పింది, అంతే."

నాయకుడు కర్రని నగారా పక్కన మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టాడు. ఒంట్లో తేలిగ్గా అనిపించింది. తమ్ముడు బతికి ఉన్నాడు, ఇక అది తన చేతుల్లో లేదు.

శిక్ష అమలయ్యేదాకా బొల్లయ ఖాళీగా ఎందుకుండాలని ప్రోలన అతన్నీ తలారినీ గోడ పనికి పంపాడు. ఉరితాడు రాళ్లు లాగడానికి పనికొచ్చింది.

తర్వాత ఒకసారి నాయకుడు గోడ పక్కగా పోతుంటే సంకమ్మ ఎదురైంది. తల మీద పెద్ద రాయి. వెనకాల పిల్ల తల మీద చిన్న రాయి.

"పొద్దెంత ఉంది దొరా?" అని అడిగింది సంకమ్మ, తల ఎత్తలేదు కాబట్టి.

నాయకుడు నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కొండ వైపు చూశాడు. పెద్దమనిషి కాబట్టి ఉన్నదే చెప్పాడు.

"ఇంకా చాలా ఉందమ్మా."

"అయితే ఇంకో రాయి మోసెయ్యొచ్చు" అని పిల్లతో చెప్పి, ఆమె ముందుకు సాగింది.