పొట్టి రకం మొక్కలు

నేల ఎంత గట్టిపడితే అడవి అంత గట్టిగా ఉన్నట్టని అటవీ కార్యాలయం తేల్చేసింది. మావారు సాయంత్రం గుమ్మంలో ఒక బూటు విప్పి, రెండోది విప్పడం మరిచిపోయి, ఈ శుభవార్త చెప్పారు.

"మన మొక్కలు పాసయ్యాయి."

"అన్నీనా?"

"ఎదగనివి కూడా."

పొయ్యి మీద పాలు పొంగాయి. (పెళ్లైన కొత్తలో అన్నీ పొంగుతాయి. తుడుచుకోవాలంతే.)

చెట్లు నరికిన చోట మళ్లీ మొక్కలు నాటి పెంచడం మావారి ఉద్యోగం. నరికిన దుంగల్ని లాగడానికి కార్యాలయం వారి దగ్గర ఒక యంత్రం ఉంది. దాని చక్రం పక్కన నిలబడితే మావారు బొమ్మలా కనిపిస్తారు. అది తడి నేల మీద తిరిగిందంటే నేల బండలా అణిగిపోతుంది. ఆ తర్వాత అందులోకి నీరు దిగదు, గాలి ఆడదు, వేరు దూరదు. చక్రం తగలని చోట మొక్కలు మోకాలి దాకా వచ్చాయి. చక్రాల జాడల్లో నాటినవి మాత్రం నాటిన నాటి ఎత్తులోనే ఉండి, వచ్చేపోయే అధికారులకు మర్యాదగా తలలు వంచుతున్నాయి.

తనిఖీలో మొక్కలు తప్పితే మావారిని కొండల అవతలి శాఖకు పంపిస్తామన్నారు. అక్కడ ఉద్యోగికి మంచం ఇస్తారు, భార్యకు చోటివ్వరు. నేనేమో అప్పుడే కిటికీలకు ఎర్ర కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టాను.

మావారు ముందే ఒక ఉపాయం చెప్పి చూశారు. యంత్రాన్ని ఒకే దారిన తిప్పుదాం, ఆ దారిలో నరికిన కొమ్మలు పరుద్దాం, వాన వెలిసి నేల ఆరేదాకా ఆగుదాం అని. నేల దృఢత్వ పర్యవేక్షణాధికారి (ఈ పదవి యంత్రం వచ్చాకే పుట్టింది) ఓపిగ్గా విన్నారట.

"ఒకే దారిన తిప్పితే మిగతా నేల ఏం పాపం చేసిందయ్యా? అందరికీ సమానంగా అందాలి."

అప్పటినుంచి వీలైనంతవరకు అంగుళం వదలకుండా అందుతోంది. చక్రాల గాడుల్లో వాననీరు ఇంకక నిలిచిపోతే, వాటిని చెరువుల కింద రాసుకున్నారు. కప్పలు చేరగానే వన్యప్రాణి సంరక్షణ కూడా పూర్తయింది.

యంత్రం నడిపే బాబాయ్‌ని నేనే అడిగాను. "తడిలో తిప్పకపోతే ఏం బాబాయ్?"

"తిప్పకూడదని నాకూ తెలుసమ్మా. ఆపితే సారు అరుస్తారు. తొక్కితే మొక్క అరవదు కదా."

ఆ ఆదివారమే మేమిద్దరం సరదాగా అడవికి వెళ్లి, చక్రాల జాడలో ఉన్న ఒక మొక్కను పెంచుకున్నాం. గునపం దిగలేదు. నేను వంటింటి గరిటె కాడతో గీకుతుంటే, మావారు కూజాతో నీళ్లు పోస్తూ నానబెట్టారు. మట్టి గుల్లయ్యాక ఎండుటాకులు కప్పాం, చుట్టూ కొమ్మలు అడ్డం పెట్టాం. బాబాయ్ ఆ కొమ్మల్ని చూసి యంత్రాన్ని పక్కనుంచి పోనిచ్చేవాడు. గరిటె వంకరపోయింది. మొక్క మాత్రం నిటారుగా, మావారి మోకాలి దాకా వచ్చింది. కొత్త ఆకు వేసిన రోజున ఇంట్లో ఇద్దరమే పండగ చేసుకున్నాం.

తనిఖీలో పర్యవేక్షణాధికారి సారుగారి కళ్లు దాని మీదే పడ్డాయి.

"చూశారా? యంత్రం తొక్కిన నేలలోనే ఇది ఎంత ఏపుగా ఉందో! ఇంకేం సాక్ష్యం కావాలి?"

దాంతో నేల నిర్దోషి అయింది, యంత్రం నిర్దోషి అయింది. మిగతా మొక్కలు పుట్టుకతోనే పొట్టి రకమని నిర్ధారించి, వాటినీ పాస్ చేసేశారు.

"మనం గరిటెతో తవ్వామని చెప్పలేదా మీరు?" అన్నాను.

"చెప్పబోయాను. కొండల అవతల గాలి బాగుంటుందన్నారు. నాకు కర్టెన్లు గుర్తొచ్చాయి."

ఆయన్ని కోప్పడదామనుకున్నాను. అప్పటికీ రెండో బూటు కాలికే ఉంది. పాలు మళ్లీ పెట్టాను.

ఆ మొక్కను అభినందించడానికి రేపు పొద్దున్న సారుగారు పై అధికారుల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. వానకు జీపు దిగబడుతుంది కాబట్టి అందరూ యంత్రం ఎక్కే వస్తారట. దారి శుభ్రంగా ఉండాలని కొమ్మల అడ్డం ఇవాళే తీయించేశారు. వచ్చినవాళ్లు మొక్క ఎక్కడుందో వెతుక్కోకూడదట, గుర్తు పెట్టే బాధ్యత మావారిది. తెల్లారగానే ఇద్దరం వెళ్లి, కర్టెన్లలో మిగిలిన ఎర్ర గుడ్డ దానికి కట్టి వస్తాం, చక్రం పక్కదారి పట్టకుండా.