దేముడమ్మది ఏ పార్టీ?

ఆ రోజు పొద్దున్న గణపతిరావు అనుకున్నది పెద్ద పనేమీ కాదు. బొబ్బిలి నుంచి మైకు ఆటో వస్తుంది. భార్య దేముడమ్మను అందులో ఎక్కించి నూకలవలస వీధులన్నీ తిప్పాలి. భోజనాల వేళకి ఇల్లు చేరి పిండిమర తెరవాలి. సర్పంచ్ ఎన్నిక కాబట్టి పార్టీల గుర్తులు ఉండవు. దేముడమ్మకు కత్తెర వచ్చింది, పోటీగా నిలబడ్డ యమునకు ఉంగరం.

గుర్తులకు పార్టీ లేకపోయినా ఊరికి ఉంది. సగం ఊరు ఊదారంగు కండువా వాళ్లది, సగం ఆకుపచ్చ వాళ్లది. యమున ఆకుపచ్చ మనిషి. కుళాయి గొట్టాల కోసం వీధులు తవ్వించి, పూడ్చడం మరిచిపోయిన కాంట్రాక్టరు ఆమె మొగుడే. ఊదా వాళ్లు నిలబెట్టిన మనిషి నామినేషన్ సంతకం తేడా వచ్చి చెల్లకుండా పోయింది. దేముడమ్మ ఏ రంగూ కాదు. ఆ గోతులు పూడాలని నిలబడింది, అంతే.

గణపతిరావుకు నిద్ర పట్టనిది అక్కడే. అతని మరకు రెండు రంగుల వాళ్లూ బియ్యం తెస్తారు.

"ఏ పార్టీ అని ఎవులైనా అడిగితే ఏటి సెప్పాల?" అన్నాడు, చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుంటూ.

"ఏదీ కాదని సెప్పు. నిజమే కదేటి," అంది దేముడమ్మ.

"నిజమైతే మాత్రం ఎవులు నమ్ముతారే?"

ఆటో వచ్చింది. ఇద్దరూ ఎక్కి బయల్దేరారు. డ్రైవరు శివాజీ మైకు మీట నొక్కాడు. దేముడమ్మ నోరు తెరిచేలోగా గూబలు అదిరేలా ఊదా పార్టీ పాట అందుకుంది. అప్పటికి ఆటో సరిగ్గా ఆకుపచ్చ వాళ్ల వీధి మొదట్లో ఉంది.

"ఆపరా బాబూ."

"ఆగట్లేదు బావూ. కిందటి ఎలచ్చన్లో పెట్టిన పెన్‌డ్రైవ్, ఇరుక్కుపోనాది."

ఆటో ఆపితే జనం గుమ్మాల్లోకి వచ్చి చూడసాగారు. అది ఇంకా ఘోరంగా తోచి, "పోనీ, పోనీ," అన్నాడు గణపతిరావు. శివాజీ పోనిచ్చాడు. వీధంతా అయ్యాక గానీ గణపతిరావుకు బ్యాటరీ తీగ పీకాలని తట్టలేదు.

ఇల్లు చేరేసరికి, బియ్యం గిన్నె ఒళ్లో పెట్టుకుని మర దగ్గర కూర్చున్న ఆకుపచ్చ వాళ్ల మరిడమ్మ లేచింది. "పిండి మరోనాడు ఆడించుకుంటాన్లే," అని వెనక్కి తిరిగింది. దేముడమ్మ వారిస్తున్నా వినకుండా గణపతిరావు ఆమె తమ్ముడు త్రినాథ్ ఇంటికి పరిగెత్తాడు. త్రినాథ్ ఆకుపచ్చ వాళ్లలో పెద్ద తలకాయ.

"ఆ పాట మాది కాదురా. మీ అప్ప ఏ పార్టీ కాదు."

"నాకు తెల్సు బావ. మా వోళ్లకి తెలియాల కదా." త్రినాథ్ ఆకుపచ్చ కండువా తెచ్చి బావ భుజాన వేసి ఫోటో తీశాడు. ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. గణపతిరావు ఇల్లు చేరేసరికి అరుగు మీద ఊదా పెద్ద నూకయ్య పదిమందితో కూర్చుని ఉన్నాడు.

"పొద్దున్న మా పాట ఏసి, ఇప్పుడు ఆళ్ల కండువా ఏటి గణపతీ?"

గణపతిరావు గబుక్కున కండువాతో మెడ తుడుచుకున్నాడు. "అది... సెమట తుడుసుకోడానికి."

నూకయ్య ఒక క్షణం ఆలోచించి తన వాళ్ల వైపు తిరిగాడు. "ఆళ్ల కండువాతో సెమట తుడుసుకున్నాడు. మనోడే."

ఆ మాట త్రినాథ్‌కు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. మొహం ఎర్రగా చేసుకుని వచ్చాడు. "మా కండువాతో సెమట తుడుసుకున్నావంట?"

"ఒరే, ఆళ్ల పాట వస్తుంటే తీగ పీకేసినోణ్ణి నాను," అన్నాడు గణపతిరావు దాదాపు ఏడుస్తూ.

త్రినాథ్ మొహం విచ్చుకుంది. వెంట వచ్చిన వాళ్లతో, "ఇన్నారా, ఆళ్ల పాట పీకేసినాడు. మనోడే," అన్నాడు.

సాయంత్రానికి రెండు గుంపులూ ఇంటి ముందు నిలబడ్డాయి. ఎవరి ముఖమూ ఎవరూ చూడటం లేదు. గణపతిరావు మర తలుపు చాటున చేరాడు. నోరు తెరిస్తే సగం ఊరు పోతుంది, తెరవకపోతే మొత్తం పోతుంది. దేముడమ్మ చీర కొంగు దోపుకుని బయటకి వచ్చింది.

గోతిలో పడి కాలు బెణికిన ముసలి బుల్లమ్మ కర్రను నేలకి తాటించింది. "ఏ పార్టీయో సెప్పమ్మా. సెప్పకపోతే ఎలగ? మనిషి ఈవేళ మంచిగుంటాది, గెలిసాక మారిపోతాది. పార్టీ ఉంటే, నువ్వు సెయ్యకపోతే నిలదీయడానికి మాకొక గుమ్మం ఉంటాది."

గుంపులో రెండు వైపుల తలలూ ఊగాయి. అడిగింది న్యాయమైన మాటే.

"పార్టీ గుమ్మం ఎక్కడున్నాదో నీకు తెల్సా పెద్దమ్మా?" అని అడిగింది దేముడమ్మ.

"తెలీదు. మండలంలో ఎక్కడో ఉన్నాదంటారు."

"నా గుమ్మం?"

బుల్లమ్మ కర్రెత్తి ఎదురుగా ఉన్న గుమ్మాన్ని చూపించింది.

"గోతులు పూడకపోతే దీని మీదకొచ్చి తిట్టు," అంది దేముడమ్మ. జనం ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. పోలింగు రోజు దాకా గణపతిరావు కడుపునిండా తినలేదు. రెండు వైపులా చెడిందని అతని లెక్క.

ఓట్లు లెక్కపెడితే కత్తెర గెలిచింది. ఊదా వాళ్లు పాట నిజమనీ కండువా నాటకమనీ అనుకుని ఆమెకు వేశారు. యమున మొగుడి గోతులు దాటలేక విసిగిపోయిన ఆకుపచ్చ వాళ్లు, కండువా నిజమనీ పాట పొరపాటనీ, ఈమె కూడా తమ పార్టీయేననీ సర్దిచెప్పుకుని వేశారు.

దండల బరువుకు వంగిపోతూ గణపతిరావు భార్య చెవిలో అడిగాడు. "ఇంతకీ మనకి ఏ పార్టీ వోళ్లు ఏసినారంటావు?"

"గోతిలో పడినోళ్లు."

ఆ రాత్రి రెండు పార్టీలూ తాము గెలిచిన పంచాయతీల లెక్క ప్రకటించాయి. రెండూ కూడితే, మండలంలో ఉన్న ఊళ్ల కన్నా ఒకటి ఎక్కువ వచ్చింది.