దుబ్బన్న పడితే చూడాలి

ఒక పెద్ద అడవిలో శుక్రవారం పొద్దుగూకాక ఎవరూ ఎవర్నీ తినేవారు కారు. దయాదాక్షిణ్యాల వల్ల కాదు. ఆ వేళకు టీవీలో కుస్తీ వచ్చేది.

పులీ దుప్పీ ఒకే టీవీ ముందు పక్కపక్కనే కూర్చుని చూసేవి. ప్రకటనలు వచ్చినప్పుడు మాత్రం దుప్పి కాస్త దూరం జరిగేది.

కుస్తీ పిచ్చి అడవి మొత్తానికీ ఉన్నా, ముళ్లపంది ఏదులుది పిచ్చి కాదు, వ్రతం. శుక్రవారం పొద్దున్నించీ వాడు పచ్చి దుంప ముట్టడు. ఎవరు ఎవరికి వెన్నుపోటు పొడిచారో, చచ్చిపోయాడనుకున్న ఎవరి తమ్ముడు ముసుగేసుకుని తిరిగొచ్చాడో వాడికి కంఠతా వచ్చు. సొంత మేనమామ పేరు అడిగితే మాత్రం కొంచెం ఆలోచించుకోవాలి.

వాడితో ఒకటే చిక్కు. ఉద్రేకం వస్తే ముళ్లు నిక్కబొడుచుకునేవి. మంచి కుస్తీ అయితే పక్కవాళ్లకు రెండు, మహామంచి కుస్తీ అయితే ఆరు గుచ్చుకునేవి. అందుకని వాడి పక్కన కూర్చోగలిగింది తాబేలు కూర్మమ్మ ఒక్కతే. వరసకు అత్త. వీపు మీద చిప్ప ఉంది కనుక ఆవిడకు ఏ కుస్తీ అయినా ఒకటే.

"ఒరేయ్ అల్లుడూ, అదంతా ఉత్తుత్తి కుస్తీరా. ఎవడు గెలవాలో, ఎవడు పడాలో ముందే రాసుకుంటారట," అని ప్రతి వారం చెప్పేది ఆవిడ.

"తెలుసత్తా."

"తెలిసీ అలా గంతులేస్తావేంరా?"

"మన అడవి సభ మాత్రం? అదీ రాసుకున్నదే. అక్కడ పల్టీలైనా ఉండవు."

కూర్మమ్మ తల చిప్పలోకి లాక్కునేది. వాదనలో ఓడిపోయినప్పుడల్లా ఆవిడ చేసేది అదే.

ఆ కుస్తీలో వీరుడు కేసరి. సింహంగారి ఒక్కగానొక్క కొడుకు. ఇంకా జూలు కూడా సరిగ్గా రాలేదు. అయినా గెలుపు ఎప్పుడూ కేసరిదే, ఎందుకంటే కుస్తీ నడిపేది అడవి సభ, సభ నడిపేది వాళ్ల నాన్న. కేసరి బ్రహ్మాస్త్రం తోక దెబ్బ. ఆ దెబ్బకు ఈగ లేచి మళ్లీ అక్కడే వాలేది.

ఓడిపోయేవాడు దుబ్బన్న. అడవిదున్న. ఒంటి బరువు చూస్తే కేసరిలాంటి వాళ్లు ఎనిమిది మందీ, పైన ఒక మేకా. కానీ తోక అలా తగిలిందో లేదో, దుబ్బన్న గాల్లోకి లేచి, మూడు పల్టీలు కొట్టి, దుమ్ము ఆకాశానికి లేచేలా వెల్లకిలా పడేవాడు. రిఫరీ కొండముచ్చు వచ్చి నేల చరిచి "ఒకటి, రెండు, మూడు!" అనేది. మూడు అనేదాకా పడ్డవాడు లేవకపోతే ఓటమి. దుబ్బన్న ఏనాడూ లేవలేదు.

"ఆహా! పడటమంటే అదీ!" అనేవాడు ఏదులు. కూర్మమ్మ చిప్ప మీద టకటకా రెండు ముళ్లు విరిగేవి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. అడవికంతా ఉన్నది ఒకటే మడుగు. అందులో నీళ్లు సగానికి తగ్గాయి. నీళ్ల ఎద్దడి మీద సభ వేసిన సంఘంలో సభ్యులు రెట్టింపయ్యారు. ఏదులు, కూర్మమ్మ ఉండే వైపు మడుగు బాగా ఎండి బీటలు వారింది. మిగిలిందల్లా అవతలి లోతు గుంట. దాని మీద సింహంగారి కన్ను పడింది.

"ఏమయ్యా ఏకపాదం, ఆ గుంట మన ఇంటికి కావాలి. పిల్లవాడికి జలకాలాటంటే సరదా," అన్నారు సింహంగారు.

ఏకపాదం అంటే కొంగ. కుస్తీ కథలన్నీ రాసేది ఆయనే. ఎప్పుడూ ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుని ఉంటాడు గనుక అడవిలో ఆయనకు మహాభక్తుడని పేరు. చేపల్లో మాత్రం వేరే పేరు.

"తీసుకోండి ప్రభూ. ఎవరు అడ్డొస్తారు?"

"ఊరికే లాక్కుంటే ఏం బాగుంటుందయ్యా? పదిమందీ చప్పట్లు కొడుతూ ఇవ్వాలి."

ఏకపాదం ఒక కన్ను తెరిచాడు. "అయితే కుస్తీ పెడదాం. కేసరిబాబుకీ దుబ్బన్నకీ. గెలిచినవాడు మడుగు పెద్ద. ఎవరికెన్ని నీళ్లో వాడి మాటే శాసనం. అడవంతా ఈలలేసి మరీ చూస్తుంది."

"ఎన్నిక పెడితే పోలా?"

"ఎన్నికలో లెక్క తప్పొచ్చు ప్రభూ. కుస్తీలో తప్పదు. రాసేది మనమేగా!"

శుక్రవారం టీవీలో చిలుక గొంతు చించుకుని, నెల తిరిగాక మడుగు కుస్తీ అని ప్రకటించింది. ఏదులు ముళ్లన్నీ ఒక్కసారిగా లేచాయి.

"అత్తా! మళ్లీ కేసరేనా? ఏళ్ల తరబడి వాడేనా? ఇదేం కథ? ఎదుగూ బొదుగూ లేదు!"

"నీళ్లు పోతున్నాయిరా నాయనా!"

"నీళ్ల సంగతి తర్వాత. ముందు కథ పోతోంది!"

కూర్మమ్మ నిట్టూర్చింది. తర్వాత నెమ్మదిగా అంది. "కథ మారితే నీళ్లూ వస్తాయి కదరా? ఆ దున్న గెలిస్తే గుంట అందరిదీ అవుతుంది."

ఆ కోణం ఏదులుకు అంతదాకా తట్టనే లేదు.

మర్నాటి నుంచి వాడు ఇంటింటికీ తిరిగాడు. పుట్టలూ, తొర్రలూ, గుహలూ ఒక్కటీ వదల్లేదు, అందర్నీ బరి దగ్గరికే వచ్చి దుబ్బన్న పేరు అరవమన్నాడు. పై శుక్రవారం కేసరి జూలు విదిలించుకుంటూ బరిలోకి రాగానే అడవి అడవంతా వెక్కిరిస్తూ ఊళ వేసింది. దుబ్బన్న తల వంచుకుని రాగానే "దుబ్బన్నే పెద్ద! దుబ్బన్నే పెద్ద!" అని హోరెత్తించింది. దుబ్బన్న కంగారుపడి, ఎవరో వేరే దుబ్బన్న వస్తున్నాడేమోనని వెనక్కి చూశాడు.

ఏకపాదం కథ మార్చాడు. కేసరి బావిలో పడ్డ ఉడుతపిల్లను కాపాడుతున్నట్టు టీవీలో చూపించాడు.

"ముందు దాన్ని బావిలో తోసిందెవరో చూపించు!" అని అరిచాడు ఏదులు. అడవంతా అదే అరిచింది.

ఏకపాదం ఈసారి దుబ్బన్నను దుర్మార్గుణ్ణి చేశాడు. దుబ్బన్న బరిలోకి వస్తూ వస్తూ ఒక లేడిపిల్ల బంతిని తొక్కి పగలగొట్టాలి. తొక్కాడు.

"ఏం తొక్కాడ్రా! బంతి తొక్కితే అలా తొక్కాలి!" అన్నాడు ఏదులు. బంతి పోగొట్టుకున్న లేడిపిల్ల కూడా లేచి నిలబడి ఈల వేసింది. మూడో వారానికి నక్కలు తాటాకు కొమ్ములు చేసి అమ్మడం మొదలుపెట్టాయి. అడవిలో సగం మంది నెత్తిన కొమ్ములొచ్చాయి. పులి కూడా ఒక జత కొనుక్కుంది.

ఇంత జరుగుతున్నా అసలువాణ్ణి ఎవరూ అడగలేదని ఏదులుకు ఒకనాటి పొద్దున గుర్తొచ్చింది. దుబ్బన్న ఉండే పచ్చిక దగ్గరికి పరుగెత్తాడు. దుబ్బన్న దూడలకు మేత వేస్తున్నాడు.

"అన్నా! ఈ ఒక్కసారి లే అన్నా. మూడు అనకముందే లే. నీ బలానికి కేసరి ఒక లెక్కా?"

"బలం దేనికి తమ్ముడూ?" అన్నాడు దుబ్బన్న నెమ్మదిగా. "పడితేనే సభ వాళ్లు మేత పంపుతారు. పడటం తేలికనుకుంటున్నావా? నాకు దెబ్బ తగలకూడదు, ఎదుటివాడికి తగలకూడదు, చూసేవాడికి మాత్రం ఇద్దరికీ తగిలినట్టుండాలి. ఈ అడవిలో నా అంత అందంగా పడేవాడు ఇంకొకడున్నాడా, చెప్పు?"

"లేడన్నా. నీలా ఎవరు పడతారు! కానీ నీళ్లు..."

"సింహం తోక కదిలిందంటే నా మోకాళ్లు నన్నడక్కుండానే వంగిపోతాయి తమ్ముడూ. అలవాటు."

ఏదులు తిరిగొస్తూ, దారిలో ఎదురైన అత్తతో అన్నాడు. "అదంతా నటన. లోపల అగ్నిపర్వతం ఉంది అన్నకి. నేను కళ్లల్లో చూశాను."

"నాకైతే మేత కనపడింది," అంది కూర్మమ్మ. మెల్లగా వాడి వెనకే బయల్దేరిన ఆవిడ, సగం దారిలోంచే అంతా చూసింది.

మడుగు కుస్తీ రోజు రానే వచ్చింది. ఈసారి బరి లోతు గుంట ఒడ్డునే వేశారు. ఏదులు తెల్లారకముందే వెళ్లి బరి అంచున, తాటినార తాడును ఆనుకుని, మొదటి వరసలో కూర్చున్నాడు. నోరు పిడచగట్టుకుపోతోంది. ఎదురుగా నీళ్లున్నా కుస్తీ తేలేదాకా ఎవరూ ముట్టకూడదని కాపలా పెట్టారు.

కేసరి వచ్చాడు, ఊళలు. దుబ్బన్న వచ్చాడు, హోరు. సింహంగారు పీట మీద కూర్చున్నారు. ఏకపాదం ఒంటికాలి మీద కళ్లు మూసుకున్నాడు.

కేసరి గర్జించాడు. దుబ్బన్న వణికాడు. కేసరి గిర్రున తిరిగి తోక ఝాడించాడు. దుబ్బన్న లేచాడు గాల్లోకి! ఒక పల్టీ, రెండో పల్టీ, మూడో పల్టీ... అంత గొప్పగా దుబ్బన్న ఎన్నడూ పడలేదు. పడింది కూడా సరిగ్గా బరి అంచున, ఏదులు ముక్కుకు జానెడు దూరంలో.

కేసరి వచ్చి దుబ్బన్న పొట్ట మీదెక్కి, ఆకాశం వైపు చూస్తూ జూలు లేని మెడ ఎత్తాడు. కొండముచ్చు నేల చరిచింది.

"ఒకటి!"

"లే అన్నా!" అని ఏదులు ఏడుస్తూ తాడు మీదికి ఒరిగాడు.

"రెండు!"

ఏదులు ఒంటి మీద ఉన్న ముళ్లన్నీ, ఈ జన్మకు సరిపడా, ఒకేసారి లేచాయి. వాటిలో అన్నిటికన్నా పొడుగైనది వెళ్లి దుబ్బన్న పిర్రలో దిగింది.

"ఓయమ్మో!"

దుబ్బన్న లేచిన ఊపుకు కేసరి చింతకాయలా ఎగిరి కింద రాలాడు. దుబ్బన్న పిర్ర పట్టుకుని రెండు చుట్లు తిరిగి, నొప్పి తాళలేక, మెత్తగా ఏది కనిపిస్తే దాని మీద కూలబడ్డాడు. మెత్తగా కనిపించింది కేసరి.

కొండముచ్చుకు లెక్కపెట్టడమే వచ్చు గానీ కింద ఎవరున్నారో చూసే అలవాటు లేదు. "ఒకటి, రెండు, మూడు!" అంది.

అడవి బద్దలైంది. తాటాకు కొమ్ములు గాల్లోకి ఎగిరాయి. పులి దుప్పిని కావలించుకుంది. ఒక్క క్షణం ఇద్దరికీ అనుమానం వచ్చినా వదిలేశారు. ఏకపాదం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రెండో కాలు కింద పెట్టాడు.

"చూశావా అత్తా! నేను గెలిపించాను! నా ముల్లు!" అని ఏదులు గంతులేశాడు. ఆ మాట నిజమేనని కూర్మమ్మ కూడా ఒప్పుకుంది. ఏళ్ల తర్వాత ఆవిడ తల పూర్తిగా బయట పెట్టి నవ్వింది.

మర్నాడు పొద్దున దుబ్బన్న మడుగు పెద్దగా రేవు బండ మీద నిలబడ్డాడు. పిర్రకు ఆకుపసరు కట్టు ఉంది. ఆ వేడుక కూడా టీవీలో వస్తోంది. కొండముచ్చు పక్కనే ఉంది. ఎదురుగా అడవంతా కుండలూ సొరకాయ బుర్రలూ పట్టుకుని బారులు తీరింది. మొదటి బుర్ర ఏదులుది, రెండోది కూర్మమ్మది.

"మొదటి శాసనం చెప్పన్నా!" అన్నాడు ఏదులు.

దుబ్బన్న గొంతు సవరించుకున్నాడు. "ఈ మడుగు..."

సరిగ్గా అప్పుడే సింహంగారు వచ్చారు. కోపంగా కూడా లేరు. కొడుక్కి రాత్రంతా కాపడం పెట్టి నిద్రలేక ఆవలిస్తున్నారు. వీపు మీద ఈగ వాలితే, తోలుకోవడానికి తోక అలా కదిలించారు.

దుబ్బన్న చూశాడు. మోకాళ్లు వాణ్ణి అడగలేదు.

ఒక పల్టీ, రెండో పల్టీ, మూడో పల్టీ. బండ మీది నుంచి రేవులోకి, దుమ్మూ నీళ్లూ కలిసి ఆకాశానికి లేచేలా, వెల్లకిలా.

కొండముచ్చు చెయ్యి కూడా ఎవర్నీ అడగలేదు. "ఒకటి, రెండు, మూడు!"

"నేనేం చెయ్యలేదయ్యా. ఈగను తోలుకున్నాను," అన్నారు సింహంగారు బిత్తరపోయి.

ఏకపాదం రెండో కాలు మళ్లీ పైకి లాక్కున్నాడు. "గెలిచినవాడే మడుగు పెద్ద. అడవి అంతా ఒప్పుకున్న నియమం ప్రభూ."

ఎక్కణ్ణుంచో ఒక చప్పట వినపడింది. తర్వాత పది. తర్వాత అడవంతా. ఏం చేస్తారు మరి? ఎంతైనా అంత గొప్పగా పడటం ఎవరూ చూసి ఎరగరు. ఏదులు తన చేతులు కూడా చప్పట్లు కొడుతున్నాయని గమనించేసరికి, బుర్ర కిందపడి పగిలి ఉంది.

కాపలావాళ్లు గుంట చుట్టూ కంచె వేస్తుంటే అత్తా అల్లుడూ ఎండిపోయిన ఒడ్డు వైపు నడిచారు, బురదలోనైనా కాస్త చెమ్మ దొరుకుతుందేమోనని.

"చూశావుట్రా?" అంది కూర్మమ్మ.

ఏదులు నాలుకతో పెదాలు తడుపుకోబోయాడు. నాలుకా పొడిగానే ఉంది.

"నీకు కథ అర్థం కాలేదత్తా," అన్నాడు. "అన్న కావాలనే పడ్డాడు. అదో పెద్ద ఎత్తు."

కూర్మమ్మ తల లోపలికి లాక్కుంది. ఈసారి వాదనలో ఓడిపోయి కాదు.

నీతి: పడటం వచ్చినవాడికి ఏ పదవిలోనూ దెబ్బ తగలదు, తగిలేది పడుతుంటే చప్పట్లు కొట్టినవాళ్లకే.