సాంబమూర్తిగారు రానివ్వలేదు

ఆ రోజు ఉదయం సూర్యప్రభ వేసుకున్న పథకం చిన్నదే. ముందు కూరలు తరగాలి. తర్వాత మర్నాటి భర్త సంవత్సరీకానికి కావలసినవి సర్దాలి. ఆ పైన సెల్లార్‌లో దుప్పటి కప్పుకుని నిలబడి ఉన్న ఆయన స్కూటరును కొనేవాడికి అప్పగించాలి. కొడుకు నాగార్జున ఊళ్ళో లేడు, రాత్రికి వస్తాడు. కోడలు అమల పొద్దున్నే ఎల్బీ నగర్‌లో ఆఫీసుకు వెళ్ళిపోయింది.

పూలు కొనుక్కుని వస్తుంటే గేటు దగ్గర గ్యాస్ సిలిండర్ కుర్రాణ్ణి వాచ్‌మన్ మట్టయ్య ఆపేసి ఉన్నాడు.

"ఫ్లాట్ నంబర్ జెప్తె నడ్వదు. ఎవరింటికొచ్చినవో పేరు జెప్పు."

"నంబరుంది కదా అన్నా! పేరుతోని ఏం పని?"

"సెక్రెటరీ అమ్మ ఆర్డరు. నంబర్ ఎవడన్న జెప్తడు."

సెక్రెటరీ అమ్మ అంటే సూర్యప్రభే. ఎవడో ఒకడు ఒట్టి నంబరు చెప్పి పైకి వెళ్ళి, డాబా మీది నీళ్ళ మోటారు విప్పుకుపోయిన తర్వాత ఆమె పెట్టిన నియమం అది. మట్టయ్య దాన్ని అక్షరం తప్పకుండా పాటిస్తున్నందుకు ఆమె తృప్తిగా తల పంకించి పైకి వచ్చింది.

ఆమె భర్త సాంబమూర్తిగారు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో బతుకంతా లెక్కలు చెప్పిన మనిషి. చివరి రోజుల్లో హాల్లో బోర్డు పెట్టుకుని పాఠాలన్నీ రికార్డు చేసి, తన పేరుతోనే ఒక వెబ్‌సైటు పెట్టించుకున్నారు. ఆయన పోయిన దగ్గర్నుంచీ సూర్యప్రభ రోజూ పొద్దున్నే ఆయన టాబ్‌లో ఒక బొమ్మ నొక్కి, త్రికోణమితి వింటూ బెండకాయలు తరుగుతుంది. త్రికోణమితి ఆమెకు బొత్తిగా అర్థం కాదు. బెండకాయ ముక్కలు మాత్రం అన్నీ ఒకే కొలతలో వస్తాయి.

ఆ రోజు టాబ్ వెలగలేదు. ఛార్జింగ్ పెట్టినా, తుడిచినా, వీపు మీద మెల్లగా తట్టినా నల్లగా అలాగే చూస్తూ ఉండిపోయింది. సంవత్సరీకానికి ముందు రోజే ఆయన గొంతు ఆగిపోవడం ఆమెకు నచ్చలేదు. కోడలు కొనిచ్చిన కొత్త ఫోను తీసింది. అందులో ఆ బొమ్మ లేదు. సైటు పేరు టైపు చేయాలి. సైటు పేరంటే ఆయన పేరు.

పెళ్ళయినప్పటి నుంచీ సూర్యప్రభ ఆ పేరు పలకలేదు, రాయలేదు. బి.ఏ. చదివింది, అపార్ట్‌మెంటు మొత్తాన్ని నోటీసులతో నడుపుతుంది, కానీ బ్యాంకు కాగితాల్లో 'భర్త పేరు' అన్న గడి దగ్గరకు వచ్చేసరికి పెన్ను కొడుకు చేతికి ఇచ్చేది. వాళ్ళ అమ్మ అంతే, అమ్మమ్మా అంతే. మనిషి పోయాడు కదా అని మర్యాద పోతుందా?

అక్క కొడుకు మురళీకృష్ణకు ఫోను చేసింది. అతను ఎల్బీ నగర్‌లో కంప్యూటర్ల షాపులో పనిచేస్తాడు. తెలియదు అన్న మాట అతని నోట ఎవరూ వినలేదు.

"బాబాయి పేరు కొడితే వచ్చేస్తుంది కదా పిన్నీ!"

"అది కుదరదనే నిన్నడుగుతున్నా. ఇంకో దారి చెప్పు."

"అయితే నంబరుతో వెళ్ళు. పేరన్నది మన సుఖం కోసం పెట్టుకున్నది. ప్రతి సైటుకీ వెనక ఒక నంబరుంటుంది, అసలు అడ్రసు అదే. పట్టుకుని పంపిస్తా. సూటిగా లోపలికెళ్ళిపో."

నంబరు వచ్చింది. సూర్యప్రభ మధ్యలో చుక్కలతో సహా జాగ్రత్తగా కొట్టింది. తెర తెల్లబడింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ తెలుపులోంచి ఇంగ్లీషు అక్షరాలు పైకి తేలాయి. ఆమె వాటిని మనసులో తెలుగు చేసుకుంది.

'నేరుగా ప్రవేశం లేదు. ఈ స్థలం సొంతదారు మిమ్మల్ని ఆపారు. మీరు వచ్చిన సంగతి నమోదైంది.'

అడుగున పొడుగాటి అంకెల వరుస. మళ్ళీ ప్రయత్నించింది. అదే మాట, వేరే అంకెలు. మూడోసారీ అంతే. అంకెలు మాత్రం మారాయి, ఎవరో లోపల కూర్చుని ప్రతి రాకనూ విడిగా రాసుకుంటున్నట్టు.

సొంతదారు. ఆమె తలెత్తి గోడ మీది ఫోటో వైపు చూసింది. దండ వెనక సాంబమూర్తిగారు తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. ఆయన బతికుండగా ఇంట్లో పెట్టిన ఆంక్ష ఒక్కటే: నా స్కూటరు జోలికి ఎవరూ రావద్దు. ఈ రోజు దాన్ని అమ్మేస్తోంది. వంటింట్లో కుక్కరు కూత పెడితే ఆమె ఉలిక్కిపడింది.

ఎదురింటి కిష్టమ్మ పెరుగు గిన్నె తిరిగిచ్చేందుకు వచ్చి గుమ్మంలోనే ఆగింది. వాళ్ళది నల్గొండ దగ్గర పల్లె.

"ఏందక్క, గట్ల కూసున్నవ్? మొకం తెల్లగ పాలిపోయింది."

సూర్యప్రభ ఫోను చూపించి విషయం చెప్పింది. కిష్టమ్మ నవ్వింది. "నీ ఫోన్ల ఏదో ఉన్నది. నా దాంట్ల సూస్త, ఆగు." అదే నంబరు తన ఫోనులో కొట్టింది. నవ్వు ఆగిపోయింది. నెమ్మదిగా కుర్చీలో కూలబడింది.

"అక్కా... సారు నన్ను గూడ రానిస్తలేడు."

"నిన్నెందుకు ఆపుతారు?"

కిష్టమ్మ ఫోటో వైపు చూడకుండా చెప్పింది. "గా కరివేపాకు సంగతి ఎర్కైనట్టుంది. సారు పెంచిన కుండీల నుంచి రోజూ నేనే తెంపిన. పావురాలు తింటున్నయని సారు అంటుంటే ఊకున్న."

"పావురాలు కరివేపాకు తినవని నాకు అప్పుడే అనుమానం," అంది సూర్యప్రభ.

అంతలో మురళీకృష్ణ వీడియో కాల్ చేశాడు. మొహం చెమటతో మెరుస్తోంది. "పిన్నీ, నేనూ చూశా. నన్నూ ఆపేశారు. నీకొకటి చెప్పాలి. ఆ స్కూటరు అద్దం పగలగొట్టింది కుక్క కాదు. నేనే."

కిష్టమ్మ ఒక్కతే భయపడి ఊరుకునే మనిషి కాదు. నంబరును అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టేసింది. 'సారు ఎవర్నీ లోపలికి రానిస్తలేడు. మీరు సూడుండ్రి.' అందరూ చూశారు. అందర్నీ ఆపారు. ఆ తర్వాత ఒప్పుకోళ్ళు మొదలయ్యాయి. మూడో అంతస్తు వెంకటేశ్వరరావుగారు, మాస్టారి పేపరు రోజూ ముందు తాను చదివి మడత పెట్టి పెట్టేవాణ్ణని రాశారు. పై ఇంటి సౌజన్య, వాళ్ళ బాబు పాఠాలు ఎగ్గొట్టిన రోజుల్లో జ్వరం అని అబద్ధం చెప్పానని రాసి దణ్ణం బొమ్మ పెట్టింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. అందరికీ తమ తమ పాపాలతోనే తీరిక లేదు.

సూర్యప్రభ మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి తెర ఒక కొత్త ప్రశ్న వేసింది.

'ముందుకు వెళ్ళే ముందు, మీరు మనిషేనని నిరూపించండి.'

పక్కన ఒక చిన్న ఖాళీ గడి. గడిలో టిక్కు పెట్టింది. మనిషేనని ఒప్పుకున్నారు. అయినా రానివ్వలేదు.

మధ్యాహ్నం మబ్బు కమ్మి కరెంటు పోయింది. అదే సమయానికి స్కూటరు కొనడానికి మలక్‌పేట నుంచి లింగస్వామి వచ్చాడు. సెల్లార్ చీకట్లో మట్టయ్య టార్చి పట్టుకున్నాడు. సూర్యప్రభ, కిష్టమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయారు. లింగస్వామి దుప్పటి లాగాడు. ఒంటి కన్ను లాంటి లైటు, ఒకే అద్దం. హ్యాండిల్ మీద చెయ్యి వేశాడో లేదో, తాళం పెట్టకుండానే హారన్ మోగింది. సెల్లార్ నాలుగు మూలల నుంచీ మోగింది. దాని వైరు ఒరుసుకుపోయిన సంగతి అపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. ఆ క్షణంలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

"ఏందమ్మా ఇది?" అన్నాడు లింగస్వామి, వెనక్కి జరిగి.

కిష్టమ్మ నోరు ఊరుకోలేదు. సంగతంతా చెప్పేసింది. అతను నమ్మలేదు. తన ఫోను తీసి నంబరు కొట్టాడు. తెర వెలుగు అతని మొహం మీద తెల్లగా పడింది.

"సార్‌ను నేను ఎన్నడు సూడనన్న సూడలె," అన్నాడు. "నామీద ఏం పగ?"

హెల్మెట్ అక్కడే మరచిపోయి వెళ్ళిపోయాడు. మట్టయ్య దాన్ని తీసి భక్తిగా స్కూటరు సీటు మీద పెట్టాడు. అది చూడడానికి ఇంకా బాగోలేదు.

సూర్యప్రభ పైకి వచ్చి చీకటి హాల్లో కూర్చుంది. స్కూటరు పోకపోయినా ఫరవాలేదు. ఆమెను తొలుస్తున్నది వేరే. తన గొంతే విననివ్వని మనిషి రేపు ఆమె చేతి వంట అందుకుంటారా? ఏడాదిగా రోజూ పలికిన మనిషి ఇప్పుడు సొంత భార్యను గుమ్మంలో నిలబెట్టారంటే, కార్యం పెట్టుకోవడంలో అర్థమేముంది? తలుపు బయట వరండాలో అపార్ట్‌మెంటంతా గుమిగూడింది. లోపలికి అడుగు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

ఆఫీసు నుంచి వచ్చిన అమల ఆ గుంపును తోసుకుంటూ లోపలికి వచ్చింది. "ఏమైంది అత్తయ్యా? అందరూ మన గుమ్మంలో ఉన్నారేంటి? ఆయనకేమైనా..."

"నాగార్జున బాగానే ఉన్నాడు," అంది సూర్యప్రభ. "మీ మావయ్యగారే నన్ను రావద్దన్నారు." ఫోను అందించింది.

అమల చూసింది. మళ్ళీ చూసింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "ఈ నంబరెవరిచ్చారు? మురళీయా? ఇది మావయ్యగారి నంబరు కాదు అత్తయ్యా. సైట్లకు కాపలా కాసే కంపెనీ గేటు నంబరు. దీని వెనక వేల సైట్లుంటాయి. మీరు గేటు దాకా వచ్చి ఎవరింటికో చెప్పకుండా నిలబడితే, వాళ్ళు ఎవరి తలుపు తియ్యాలి?"

అప్పుడే కింది నుంచి మట్టయ్య గొంతు మెట్లెక్కి వచ్చింది. "నంబర్ గాదు, పేరు జెప్పు! ఎవరింటికి?"

"మరి సొంతదారు ఆపారని ఉందే?" అంది ఆమె, కొంచెం తగ్గి.

"పేరు చెప్పని వాళ్ళను పంపొద్దని సైటు పెట్టినప్పుడే మావయ్యగారు ఒప్పుకుని ఉంటారు. మీరు మట్టయ్యకు చెప్పలేదూ? అలాగే. అంతెందుకు, రేపు శాస్త్రిగారు గోత్రం, పేరు చెప్పకుండా పిండం పెట్టిస్తారా?" అమల చెయ్యి చాపింది. "ఇటివ్వండి, నేను కొడతా."

సూర్యప్రభ ఫోను వెనక్కి తీసుకుంది. "ఉండు. ఆయన ఆపింది నన్ను."

పమిట చెంగు తెరకు అడ్డం పెట్టుకుంది. వేలు మొదటి అక్షరం మీద చాలాసేపు ఆగింది. తర్వాత ఒక్కొక్క అక్షరమే, అన్నీ సరిగ్గా, పడింది. పెదవులు మాత్రం కదలలేదు. రాయడం వేరు, అనడం వేరు.

తెర తెల్లబడింది. తర్వాత చీకటి ఇంట్లో, ఫోను గొంతు మొత్తం తెరుచుకుని, సాంబమూర్తిగారు ఖంగున పలికారు.

"బయట నిలబడ్డ వాళ్ళంతా లోపలికి రండి! గుమ్మంలో నిలబడితే లెక్కలు రావు!"

ఆలస్యంగా వచ్చే పిల్లల కోసం ఏనాడో అన్న మాట అది. వరండాలో ఉన్న వాళ్ళకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? వెంకటేశ్వరరావుగారు వయసుకు మించిన వేగంతో మెట్లు దిగారు. కాసేపటికి అమల తలుపు తీసి చూస్తే, మనుషులు లేరు, చెప్పులున్నాయి.

సూర్యప్రభ లోపల పాఠం మొత్తం వింది. ఆఖర్న ఆయన ఎప్పటిలాగే సుద్ద దులుపుకుంటూ అన్నారు. "అర్థం కాకపోతే మళ్ళీ అడగండి. కోప్పడను." ఆమె కళ్ళు తుడుచుకుని, కత్తిపీట ముందుకు లాక్కుని బెండకాయలు తీసింది.

కరెంటు వచ్చాక కిష్టమ్మ చెప్పుల కోసం వచ్చి తల లోపలికి పెట్టింది. "నీకెట్ల తెరిసిండక్కా? ఏం పేరు గొట్టినవ్? నాక్కూడ జెప్పు, సారుకు కరివేపాకు సంగతి నేనే జెప్పుకుంట." ఇన్నేళ్ళూ ఆయన ఆమెకు సారే, అసలు పేరేమిటో ఎప్పుడూ అడగలేదు.

సూర్యప్రభ తరగడం ఆపలేదు. "మా నాగార్జున వాళ్ళ నాన్నగారి పేరు."

కిష్టమ్మ సరిగ్గా ఆ మాటలే కొట్టింది. ఆమెకు ఇప్పటికీ ప్రవేశం లేదు.