పూలికి భయం నేర్పిన విధానం

మనిషికి ధైర్యం చెప్పడం బరువైన బాధ్యత కాబట్టి, సరైన ఫారం లేకుండా ఎవరూ ఎవరికీ ధైర్యం చెప్పరాదని క్రీడా మనోబల శిక్షణ మండలి తీర్మానించింది. (తల్లులకు మినహాయింపు లేదు.)

జూలూరుపాడు టైలర్ అహ్మద్ పాషా కూతురు ఫరహా ఆ మండలి దగ్గరే స్పోర్ట్స్ సైకాలజిస్టుగా శిక్షణ పొందుతోంది. రెండేళ్ల చదువైపోయింది. ఇక ఒక్క క్రీడాకారిణికి పోటీ భయం ఇరవై మార్కులు తగ్గించి, భయాన్ని కొలిచే మండలి యాప్‌లో ఎక్కిస్తే సర్టిఫికెట్. ఆమెకు పక్క తండా పూలిని కేటాయించారు. పూలి షాట్‌పుట్ విసురుతుంది. నెల రోజుల్లో రాష్ట్ర జట్టు ఎంపికలు. నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు.

"పోటీకి ముందు గుండె దడ గిట్ల వస్తదా?" అని అడిగింది ఫరహా.

"ఎందుకొస్తదక్కా? గుండు ఇస్తరు, విసురుత, ఇంటికొస్త. నడుమ ఆకలైతది."

యాప్ పూలి భయానికి సున్నా వేసింది. సున్నాలోంచి ఇరవై తీయడం కుదరదని పర్యవేక్షకుడు వెంకటేశ్వరరావు గారు ఫోన్లో ఓపిగ్గా వివరించారు.

"ముందు బేస్‌లైన్, అంటే మొదలున్న భయం, పెంచండమ్మా," అన్నారు. (దానికి పదకొండో నంబరు ఫారం ఉంది. భయపడేవారి సంతకం తప్పనిసరి.)

ఫరహాకు ఏడుపొక్కటే తక్కువ. పూలికి జాలేసింది.

"భయమే కదక్కా, నేర్చుకుంట. జర నిమ్మళంగ చెప్పు."

మొదటి వారం, అందరూ నిన్నే చూస్తారని ఫరహా చెప్పింది. పూలికి నవ్వాగలేదు. మార్కులు రెండు. (రెండూ నవ్వినప్పుడు గుండె వేగం పెరిగినందుకు.) రెండో వారం, "హాస్టల్ సీటు రాకపోతే ఏంది మరి?" అని అడిగింది. పూలి ఆ మాట అంతకుముందు అనుకోలేదు. పంతొమ్మిది. ఇద్దరూ సంబరంగా మిరపకాయ బజ్జీలు తిన్నారు. మూడో వారానికి ముప్పై నాలుగు. ఆ రోజు పూలి బజ్జీ ముట్టలేదు.

తర్వాత ఫరహా దీర్ఘశ్వాసలతో భయాన్ని పద్నాలుగుకు దించింది. సరిగ్గా ఇరవై తగ్గింది. యాప్‌లో పచ్చ టిక్ పడింది, సర్టిఫికెట్ వచ్చింది, అహ్మద్ పాషా వీధంతా మిఠాయి పంచాడు.

ఎంపికల్లో పూలి మూడు విసుర్లలోనూ కాలు గీత దాటింది. సీటు రాలేదు.

"గిప్పుడు దీన్ని తీసెయ్యక్కా," అంది.

పూలిని మళ్లీ సున్నాకు తెస్తానని ఫరహా మండలిని వేడుకుంది. శిక్షణ పూర్తయినవారు శిక్షణ కేసును ముట్టరాదని జవాబు వచ్చింది. పైగా జిల్లాలో రికార్డుకెక్కిన భయం పూలిదొక్కటే; ఆమె కోసం సర్టిఫికెట్ కావాల్సిన ఇంకో ఏడుగురు అభ్యర్థులు వరసలో ఉన్నారు. అయితే పద్నాలుగులోంచీ ఇరవై తీయడం కుదరదు.

మొదటి అభ్యర్థి సోమవారం వస్తున్నాడు, బేస్‌లైన్ పెంచడానికి.