నీలాటివలసలో హై లైన్

పంచాయతీ కార్యదర్శి కూర్మారావు తన ఫోన్‌లోని ఫుట్‌బాల్ మేనేజర్ ఆటలో ఏ వ్యూహం పెడితే, అది మర్నాటి నుంచి నీలాటివలసలో అమలవుతుంది. పాస్‌బుక్కుల్లో తండ్రుల పేర్లు మారిపోయినా సర్దుకున్న జనం కనక దీనికీ సర్దుకున్నారు.

ఆ ఆదివారం అతని జట్టు వరసగా నాలుగోసారి ఓడింది. అతను ఆటగాళ్లందరినీ మైదానం మధ్యకి ఇరుకుగా చేర్చి, వెనక కాపుకాసే వరసని సగం గీత దాకా ముందుకి జరిపాడు. దీన్ని హై లైన్ అంటారనీ, ఆ వరస దాటి వెనక చొరబడినవాడు ఆఫ్‌సైడ్ అనీ, వాడు కొట్టిన గోల్ చెల్లదనీ, అప్పుడు చెయ్యెత్తితే చాలనీ సోమవారం నోటీసు బోర్డులో అంటించారు.

మధ్యాహ్నానికల్లా అంచు వీధులు రెండూ ఖాళీ అయ్యాయి. జనం తలుపులు కూడా ఊడదీసి మోసుకుంటూ బడి వీధికి వచ్చేశారు. ఒక్కో అరుగు మీద మూడేసి కుటుంబాలు. ఒకరి తాలింపు ఇంకొకరి పప్పులో పడింది. గేదెలు మాత్రం కాస్త మొండికేశాయి.

ఊరి వెనక, కొండ వాలున వేరుశనగ చేలున్నాయి. అక్కడి మంచెలన్నీ పీకి, ఊరి ముందు తారురోడ్డు పక్కన వరసగా పాతారు. నారమ్మ చేను అన్నిటికన్నా చివరిది. ఆ ఎకరం కాయే ఆమెకి ఏడాది తిండి, వచ్చే ఏటి విత్తనం. ఇంకో వారంలో పీకాలి.

"పందులొచ్చేది కొండ కాణ్ణుంచి. మంచె తెచ్చి రోడ్డుమీదెడితే నానేటి కాయాల బాబూ, బస్సుల్నా?" అని కూర్మారావుని అడిగింది.

"వెనక ఖాళీ ఉండాలమ్మా. అదే మన ఎత్తు. పంది దిగిందా, చెయ్యెత్తు."

"ఆ సంగతి పందికి తెలుసేటి?"

"తెలీకపోతే అది దాని తప్పు."

గురువారం తెల్లవారుతుండగా పదకొండు పందులు దిగాయి. మంచెల మీద అందరూ ఒక్కసారే చేతులెత్తారు. నారమ్మ ఒళ్లో రేకుడబ్బా ఉంది. దాన్ని వాయిస్తూ పరిగెడితే వరస చెడుతుంది. ఆమె కూడా చెయ్యెత్తి నిలబడింది.

"ఎత్తీసినాం వదినా, ఇంక బెంగ నేదు" అన్నాడు పక్క మంచె బైరాగి.

పొద్దెక్కేదాకా తిని పందులు వెళ్లిపోయాయి.

కూర్మారావు వచ్చి చేను చూశాడు. పందులు ఆఫ్‌సైడ్‌లో ఉన్నాయి కనక అవి తిన్న తిండి చెల్లదనీ, పంట చేలోనే ఉన్నట్టనీ, నష్టం దరఖాస్తు తీసుకోవడం కుదరదనీ రాశాడు.

"అయితే పీక్కోనా బాబూ?"

"నిక్షేపంగా పీక్కో. ఉన్న పంటని వద్దనేదెవరు?"

నారమ్మ రెండు రోజులు పీకింది. గంపలో మట్టి వచ్చింది. దాన్నే ఎండబెట్టింది.

ఆదివారం కూర్మారావు జట్టు ఆరు గోల్స్ తేడాతో ఓడింది. సోమవారం పొద్దున్న బడి ముందు గ్రామసభ పెట్టారు.

"వ్యూహం కొనసాగించాలనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడతను.

ఎవరూ కదల్లేదు. అంతలో జనం వెనక నుంచి పందుల గురగుర వినబడింది. అందరి చేతులూ లేచాయి. అందరికన్నా ముందు నారమ్మ చెయ్యి లేచింది.

ఏకగ్రీవమని కూర్మారావు రాసుకున్నాడు. వెనక్కి తిరిగితే వరస చెడుతుందని ఎవరూ తిరగలేదు.